విల్లాల మధ్య బాన్సువాడ రోడ్డు

అక్క గంగామణికీ బావకూ, తమ్ముడు సాయిలు దండం పెట్టి రాస్తున్నది.

అక్కా, ఇక్కడ మేమందరం బాగున్నాం. అక్కడ మీరు కూడా బాగుండాలని రోజూ అనుకుంటూనే ఉంటాం. బావకు దగ్గు తగ్గిందా? చల్లగాలికి వాకిట్లో మంచం వేసుకోవద్దని నా మాటగా చెప్పు, వినడని తెలుసు, అయినా చెప్పు. కోతలు అయిపోయాయా, వడ్లు ఆరాయా? బర్రె ఈనిందని మౌనిక చెప్పింది. దూడ ఏ రంగో చెప్పలేదు.

ఉత్తరం ఎందుకు రాస్తున్నాడు, ఫోన్ లేదా వీడికి అనుకుంటావేమో. ఫోన్ చేస్తే నువ్వేం చేస్తావు? చెవికి పెట్టుకొని "ఆఁ, మంచిగున్నం, తిన్నం, మీరు తిన్నరా, ఉంటనే" అని పెట్టేస్తావు. నేను నీ మరదలు సుగుణ మోకాళ్ళ సంగతి చెబుతుంటే నువ్వు బర్రె సంగతి చెబుతావు. మన ఇద్దరి మాటలూ పక్కపక్క నుంచే పోతాయి గానీ కలవవు. అందుకే కాగితం. కళ్ళద్దాలు పెట్టుకొని నువ్వే చదువు, మౌనికతో చదివించుకోకు. ఆ పిల్ల తొందరలో సగం మింగేస్తుంది.

మాఘంలో నీ బిడ్డ మౌనిక లగ్గం. లగ్గానికి ముందు మేం వచ్చి నీకు ఒడిబియ్యం పొయ్యాలి. అమ్మా నాయనా పోయిన తర్వాత నీ తల్లిగారిల్లంటే ఇక మేమే కదా. చీర నేను పెడతాను, కొబ్బరి కుడుకలు నేను మోసుకొస్తాను, అదంతా నాకు లెక్కలోకి రాదు. కానీ పసుపు కలిపిన బియ్యం దోసిలి నిండా పట్టి, వంగి, పీట మీద కూర్చున్న నీ ఒడిలో పొయ్యాల్సిన చేతులు సుగుణవి. ఆ చేతులే రానన్నాయి అక్కా. ఈ మాట నీకు ఇప్పటిదాకా చెప్పలేదు. చెబితే నీ మనసు పాడవుతుందని దాచాను. ఇప్పుడు చెప్పొచ్చు, ఎందుకు చెప్పొచ్చో చివరిదాకా చదువు, నీకే తెలుస్తుంది.

రెండు మోకాళ్ళూ ఆపరేషన్ అయిన తర్వాత డాక్టరు "బయట నడవాలమ్మా, ఎంత నడిస్తే అంత మంచిది" అన్నాడు. సుగుణ తలూపింది. ఇంటికొచ్చి మంచానికీ సోఫాకీ మధ్య మాత్రం నడిచింది. బయటికి రమ్మంటే రాదు. గట్టిగా అడిగితే ఒకటే పాట.

"కట్టె పట్టుకొని గీ పెద్దోళ్ళ మధ్యల తిరగాల్నా? లగ్గానికి గూడ నన్ను తీస్కపోకు. ఒక చేత్ల కట్టె, ఒక చేత్ల బియ్యమా? వదినె ముంగట వంగిన్నంటే పోయి ఆమె ఒళ్లెనే పడ్త. ఊరంత పండ్లికిలిస్తది. నువ్వే పోయి చీర పెట్టి రా."

"ఒడిబియ్యం మొగోడు పోస్తడా? నెత్తి పనిచేస్తుందా నీకు?" అని నేను. అట్లా రోజూ అదే లొల్లి. శైలజ మధ్యలో వచ్చి "ఇద్దరూ కాసేపు ఊకుంటరా, నాకు మీటింగున్నది" అని తలుపు వేసుకునేది. బిడ్డ ఇంట్లో గట్టిగా కొట్లాడుకోవడానికి కూడా వీలు లేదు అక్కా.

ఈ చోటు సంగతి నీకు చెప్పాలి. బిడ్డా అల్లుడూ కిరాయికి తీసుకున్న ఈ విల్లా హైదరాబాదు శివారులో ఉంది. చుట్టూ ఎత్తు గోడ, ఒకటే పెద్ద గేటు, లోపల వందల ఇళ్ళు. అన్నీ ఒకటే రంగు, ఒకటే ఎత్తు. వచ్చిన మొదటి రోజు బయటికి పోయి తిరిగొచ్చి వేరే వాళ్ళ గంట కొట్టాను. ఎవరో ఆడమనిషి తలుపు తీసి "డెలివరీనా?" అంది. మా ఇల్లేదో నాకే తెలియడం లేదమ్మా అన్నాను. ఆమే పాపం సెక్యూరిటీకి ఫోన్ చేసి పంపించింది.

రోడ్లు మాత్రం చెప్పుకోవాలి. బస్సు నడిపిన చేతులు కదా, ముందు నాకు రోడ్డే కనబడుతుంది. ఒక్క గుంత లేదు. మూల మలుపులు వెడల్పుగా ఉన్నాయి, స్పీడ్ బ్రేకర్లు నడుము విరగకుండా పోశారు. మన పిట్లం రోడ్డు మీద ఇట్లాంటివి ఉంటే నా వీపు ఇంకో పదేళ్ళు బాగుండేది. ఇంత మంచి రోడ్డు మీద బండి నడిపేవాళ్ళు మాత్రం బెల్లం కొట్టిన రాళ్ళలాగా నోరు విప్పరు. ప్రతి ఇంటి ముందు పచ్చగడ్డి నారుమడి మాదిరి పెంచుతారు, వారానికోసారి మిషన్ పెట్టి కోసేస్తారు, కోసిన గడ్డి సంచుల్లో కట్టి పారేస్తారు. మీ బర్రె చూస్తే గుండె ఆగుతుంది. కుక్కలకు చలికోట్లు ఉన్నాయి. ఒక కుక్కను తిప్పడానికి ఒక మనిషి, ఆ మనిషి మీద చూపుంచడానికి ఇంకో మనిషి.

వాకిట్లో కూర్చునే మనిషి మాత్రం ఒక్కడు కనబడడు. పొద్దున పూట నడిచేవాళ్ళు ఉంటారు, మంచి బూట్లు, చెవుల్లో ఏవో పెట్టుకొని. నాకు అలవాటు కదా, ఎదురైన ప్రతివాళ్ళను "బాగున్నరా సార్, చాయ్ అయిందా?" అంటాను. వాళ్ళు చెవిలోది తీసి "యా?" అంటారు. మళ్ళీ అంటాను. "ఓ, యా యా" అని మళ్ళీ చెవిలో పెట్టుకొని పోతారు. పలకరిస్తే పైసలడుగుతాడనుకుంటారో ఏమో. నేను మాత్రం మానలేదు. నోరు మూసుకొని నడిస్తే నాకు కడుపుబ్బరం వస్తుంది.

ఒకనాడు ఏమైందంటే, ఒకాయన తన గేటు ముందు నిలబడి చెయ్యి పైకెత్తాడు. అంతే, నా కాళ్ళు టక్కున ఆగిపోయాయి. ఉద్యోగమంతా రోడ్డు మీద చెయ్యెత్తిన మనిషిని చూసి ఆగినవాణ్ణి. పోయి ఆయన ముందు నిలబడి "ఏడికి సార్?" అన్నాను. ఆయన నడుము సాగదీస్తున్నాడట. రెండో చెయ్యి కూడా ఎత్తి "ఎక్కడికీ కాదే?" అన్నాడు బెదిరిపోయి. ఇంటికొచ్చి చెబితే సుగుణ కడుపు పట్టుకొని నవ్వింది. ఆపరేషన్ తర్వాత ఆమె అంతగా నవ్వడం అదే మొదలు. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ మరునాడు పొద్దున "గేటు దాకనన్న రారాదు" అని బతిమాలాను. శాలువా కప్పుకొని, కట్టె పట్టుకొని, గడప దాటింది. గేటు దగ్గర నిలబడి ఈ చివర నుంచి ఆ చివర దాకా రోడ్డు చూసింది. "అబ్బ, ఏడిదాక పోవుడు?" అంది. నా నోట్లోంచి ఎట్లా వచ్చిందో వచ్చింది, "మోస్రా దాక" అన్నాను.

"మోస్రా ఏంది?"

"మన ఇల్లు నిజామాబాద్ బస్టాండ్ అన్కో. గా నీలం కారు నిలవడ్డ ఇల్లున్నది సూడు, గదే మోస్రా. దాని తర్వాత మూల మీద వర్ని. వర్ని దాటినంక నస్రుల్లాబాద్. సివర్ల పార్కు కనవడుతుంది గద, గది బాన్సువాడ, మా అక్కోళ్ళ ఊరు."

సుగుణది నస్రుల్లాబాద్ అని నీకు తెలియంది కాదు. ఆ పేరు వినగానే మెడ పొడుగు చేసి చూసింది.

"నా తల్లిగారూరు గంత దూరం ఎందుకు పెట్టినవ్?"

"నేను పెట్టలే, దేవుడు పెట్టిండు. ఎక్కుతవా లేదా? బండి పోతుంది."

"ముందుగాల మోస్రా సూద్దాం పా" అని నా భుజం పట్టుకుంది. నేను "రై రైట్" అన్నాను. ఆ నీలం కారు దాకా పోయి, దాని బానెట్ మీద చెయ్యి పెట్టి నిలబడి, ఆయాసం తీర్చుకొని, తిరిగొచ్చాం. వచ్చి సోఫాలో కూలబడి "రేపు గూడ మోస్రానే, ముంగటికి తోలితే సూడు" అని బెదిరించింది. రేపు అన్నది అక్కా. ఆ ఒక్క మాట నాకు చాలనిపించింది.

అట్లా మా సర్వీసు మొదలైంది. డ్రైవరూ నేనే, కండక్టరూ నేనే. ఇల్లు దాటగానే "నిజామాబాద్, మోస్రా, వర్ని, నస్రుల్లాబాద్, బాన్సువాడా!" అని పిలిచేవాణ్ణి, బస్టాండులో మన కండక్టర్లు పిలిచే రాగంతోనే. ఆమె సిగ్గుతో "మెల్లగ, మెల్లగ" అంటూనే ముందుకు నడిచేది. స్టేజి రాగానే "హోల్డాన్" అంటాను, ఆగి నిలబడుతుంది. శైలజ తలపట్టుకొని "నాయ్నా, ఇక్కడ అంత గట్టిగ ఒర్లద్దు, గ్రూపుల పెడ్తరు" అంది. గ్రూపు అంటే ఫోన్‌లో ఈ విల్లాల వాళ్ళంతా కలిసి చాడీలు చెప్పుకునే చోటు. పెట్టనీ అన్నాను.

పెట్టేవాళ్ళేమో గానీ, ఒక పొద్దున ఆ నీలం కారు ఇంటి ముందు నేను "మోస్రా! మోస్రా దిగేటోళ్లున్నరా?" అని అరవగానే పైన బాల్కనీ తలుపు తెరుచుకుంది. తెల్లటి జుట్టు, నుదుట ఇంత బొట్టు, పెద్దామె. అయిపోయింది, ఇక మాటలు పడతాయి అనుకున్నాను. సుగుణ నా చెయ్యి గిల్లింది.

"ఎవరండీ అక్కడ మోస్రా అంటున్నది?"

"నేనే అమ్మా. మన్నించుండ్రి. లొల్లయిందా?"

"గొడవ సంగతి తర్వాత. మా ఇల్లు మోస్రా ఏంటండీ? మాది వర్ని!"

ఆమె చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా కిందికి దిగొచ్చింది. పేరు సత్యవతి. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి వర్ని పక్కన కాలువ కింద పొలాలు చేసుకున్నవాళ్ళ మనిషి. పుట్టింది, పెళ్ళయింది, పిల్లల్ని కన్నది అంతా అక్కడే. ఇప్పుడు ఆమె, ఆమె పెనిమిటి కొడుకు దగ్గర ఇక్కడ ఉంటున్నారు. ఇన్నాళ్ళుగా నేను పొద్దున్నే మన ఊర్ల పేర్లు పిలుస్తుంటే, మంచంలో ఉండి విని, కలలో బస్సొచ్చిందనుకుందట. "మా ఆయన నీకు పిచ్చెక్కింది అన్నాడండీ" అని చెప్పి నవ్వుతూనే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"నా బస్సుల ఎక్కిన్రేమో అమ్మా మీరు" అన్నాను.

"ఎక్కే ఉంటానండీ. వరి కోతలప్పుడు ఆపకుండా పోయిన డ్రైవరు మీరు కాదు కదా?"

"నేను గాదు, గాదు. నేను అందరికి ఆపిన" అన్నాను గబగబా. సుగుణ పక్కనుంచి "అందరికి ఆపుతడు అమ్మా, ఇప్పుడు ఒళ్ళిరుసుకునేటోళ్ళకు గూడ ఆపుతుండు" అని మొన్నటి కథంతా చెప్పింది. ఇద్దరూ గేటు పట్టుకొని ఒకటే నవ్వు. పోయే వచ్చే వాళ్ళు చెవుల్లోవి తీసి మరీ చూశారు.

ఆ నవ్వయ్యాక అసలు పంచాయితీ మొదలైంది. తన ఇంటి ముందు వర్ని ఉండాల్సిందేనని సత్యవతక్క పట్టు. వర్ని ముందుకొస్తే మోస్రా ఎటుపోవాలి? సుగుణ ఒప్పుకోలేదు.

"స్టేజి అట్లెట్ల జరుపుతరక్కా? నేను కష్టపడి మోస్రా దాక వచ్చుడు నేర్సుకున్న."

"నీకే మంచిది కదమ్మా. మోస్రా దాకా వచ్చావనుకున్నావు, ఇప్పుడు వర్ని దాకా వచ్చినట్టేగా? మీ పుట్టింటికి ఒక్క స్టేజీ దూరం."

సుగుణ ఆ లెక్క కాసేపు ఆలోచించి, మూలమీది ఇల్లు చూసి, "అట్లయితే గదే నస్రుల్లాబాద్" అని తేల్చేసింది. మోస్రాను మా పక్కింటి తులసికోట దగ్గరికి నెట్టేశాం. అన్ని ఊర్లూ దగ్గరికొచ్చాయి, బాన్సువాడ మాత్రం పార్కు దగ్గరే ఉండిపోయింది.

ఆ రోజు నుంచి ఇద్దరు ప్రయాణికులు. సత్యవతక్క ఎక్కిన తర్వాత నాకు నోరు తెరిచే పని తగ్గింది. ఆ ఇద్దరూ ముందు, నేను వెనక. వర్ని జాతర సంగతులు, వరి నాట్లప్పుడు పాడుకున్నవి, కూరల్లో చింతపండు ఎంత వెయ్యాలన్నది, కోడళ్ళు, బిడ్డలు. మాటల్లో పడి సుగుణ ఎంత దూరం నడిచిందో చూసుకోదు. నస్రుల్లాబాద్ మూల దాటిన రోజు, ఆ ఇంటి గోడ మీద కాగితంపూలు వేలాడుతుంటే ఒకటి తెంపి కొప్పులో పెట్టుకుంది. "తల్లిగారింటికాడ తెంపుకుంటే దొంగతనం గాదు" అంది. ఆ ఇంటి అమ్మాయి పరుగెత్తుకుంటూ పోతూ ఆగి, "టేక్ మోర్ ఆంటీ" అని ఇంకో కొమ్మ వంచి ఇచ్చింది. ఇక్కడివాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు అక్కా. ఎవరైనా ముందు నోరు తెరవాలని ఎదురుచూస్తున్నట్టుంటారు.

పార్కు దాకా పోయిన రోజు బెంచీ మీద ముగ్గురం కూర్చున్నాం. నేను "బాన్సువాడ లాస్ట్ స్టేజ్, అందరు దిగుండ్రి" అన్నాను. సుగుణ మొహం ఒక్కసారిగా మారిపోయింది. "నిజం బాన్సువాడకు మాత్రం నేను పోలేనక్కా" అని మన సంగతంతా సత్యవతక్కకు చెప్పింది. ఒడిబియ్యం, పీట, వంగడం, రెండు చేతులూ కట్టె వదలాల్సి రావడం, అన్నీ. చెబుతూ చెబుతూ ఏడ్చింది. "మా వదినెకు అవ్వ లేదు, నాయిన లేడు. నేనే పొయ్యాలె. నేను పొయ్యకుంటే ఆమె ఒడి ఉత్తదే గదా" అన్నది. నాతో కొట్లాడినన్నాళ్ళూ ఊరు నవ్వుతుందనే అన్నది గానీ ఈ మాట అనలేదు అక్కా. నాకు నువ్వు గుర్తుకొచ్చావు.

సత్యవతక్క ఆమె చేతులు పట్టుకొని, "ఇంత చిన్న పనికి ఏడుస్తావేంటి? నా ఒళ్ళో పోసి అలవాటు చేసుకో. నాలుగు రోజులు చేస్తే నడుము అదే వంగుతుంది" అంది.

సుగుణ ఉలిక్కిపడింది. "అట్ల పొయ్యరక్కా. ఒడిబియ్యం ఆటనా? తల్లిగారోళ్ళు పోస్తరు. పోస్తే నిజంగనే పొయ్యాలె."

"అవునులే, నాకు తెలియక అన్నాను" అంది సత్యవతక్క. తర్వాత మెల్లగా చెప్పింది. "మా పక్కింట్లో మీవాళ్ళు ఉండేవాళ్ళు. వాళ్ళాడపిల్లలకు పోస్తుంటే పోయి నిలబడి చూసేదాన్ని. పచ్చటి బియ్యం, కొబ్బరి చిప్పలు, కొత్త చీర. ఎంత బాగుండేదో. మా ఇళ్ళలో ఆ పద్ధతి లేదు. ఉన్నా నాకు పోసేదెవరు, అన్నదమ్ములు లేరుగా."

తిరిగొచ్చేటప్పుడు సుగుణే ముందు నడిచింది. స్టేజీల పేర్లు పిలుద్దామంటే "ఊకో" అంది. ఇంట్లోకొచ్చి మంచినీళ్ళు తాగి, చెంబు కింద పెట్టి, అప్పుడు అన్నది.

"శుక్రారం సత్యవతక్కకు పోద్దాం."

"ఏంది పోసేది?"

"ఒడిబియ్యం. ఆమెకు అన్నదమ్ములు లేరన్నది ఇనలేదా? నువ్వు లేవా?"

"నాకు మా అక్క ఉన్నది గద."

"ఇంకొక అక్కయితే ఏమన్న బరువా?"

శైలజను తీసుకొని బజారుకు పోయి చీర, రవికగుడ్డ, కుడుకలు, పసుపు కొమ్ములు తెచ్చాం. బియ్యం మాత్రం నువ్వు పంపిన మన పొలం బియ్యమే. సుగుణ నూనె చుక్క వేసి పసుపు కలిపి, చేత్తో తిప్పుతుంటే శైలజ పక్కన కూర్చొని "అమ్మా, నాకెప్పుడు పోస్తవ్?" అని అడిగింది. ఇంగ్లీషు మీటింగుల పిల్ల నోట ఆ మాట విని నాకు భలే అనిపించింది.

శుక్రవారం పొద్దున వర్ని పోయాం, అంటే సత్యవతక్క ఇంటికి. సంగతి చెప్పగానే ఆమె గుమ్మంలోంచే "నాకా?" అంది. వాళ్ళాయన టీవీ కట్టేసి వచ్చి, నాకు కుర్చీ మీద కుర్చీ వేశాడు. ఐదుగురు ముత్తైదువలు కావాలి కదా, ఈ విల్లాల్లో ఎక్కడ దొరుకుతారు? సుగుణ, శైలజ ఇద్దరు. వాళ్ళింట్లో వంట చేసే యాదమ్మ ఒకరు. గేటు దగ్గర సెక్యూరిటీ డ్రెస్సులో ఉండే ఆమెను పిలిస్తే టోపీ తీసి, బొట్టు సరిచేసుకొని వచ్చింది. ఐదో మనిషి కోసం నేను రోడ్డు మీద నిలబడి చెయ్యెత్తాను. పరుగు తీస్తున్న ఒక హిందీ ఆమె ఆగింది. బూట్లు విప్పి లోపలికొచ్చి, ఏం చెయ్యాలో సరిగ్గా తెలియక మొదటి దోసిలి సత్యవతక్క నెత్తిమీద పోసింది. ఇల్లంతా నవ్వులే. తర్వాత ఆమెకు నేర్పించి సరిగ్గా పోయించాం.

మొదట్లో సత్యవతక్క కుర్చీలో కూర్చుంటానంది. సుగుణ ఒప్పుకోలేదు. "పద్ధతి పద్ధతే" అని చిన్న పీట వేయించింది. కట్టె గోడకు ఆనించింది. రెండు చేతులా బియ్యం పట్టింది. నేను బస్సు రివర్సు తీసేటప్పుడు వెనక నిలబడే కండక్టర్ లాగా చేతులు చాచి వెనకే నిలబడ్డాను. "అడ్డం నిలవడకు, జరుగు" అని నన్ను తరిమింది. వంగింది అక్కా. మోకాళ్ళు వణికాయి, చేతులు వణకలేదు. ఒక్క గింజ కింద పడలేదు. లేచింది, మళ్ళీ పట్టింది, మళ్ళీ వంగింది. ఐదుసార్లూ ఆమే వంగింది, ఆమే లేచింది. నుదుటి మీద చెమట తుడుచుకొని నా వైపు చూసి, "ఏమాయె, పడ్డనా?" అంది. తల అడ్డంగా ఊపాను.

సత్యవతక్క కొంగు రెండు చేతులా బిగించి పట్టుకొని, ఆ పచ్చటి బియ్యం వైపే చూస్తూ కూర్చుంది. "ఇంత బరువుంటాయని తెలియదమ్మా" అంది. నేను చీర చేతిలో పెడితే "తమ్ముడూ" అని పిలిచి బావురుమంది. మనవళ్ళున్న మనిషికి ఈ వయసులో పుట్టిల్లు దొరికిందని అందరితో చెప్పుకుంటున్నదట. ఆ బియ్యం వండి మమ్మల్నందరినీ కూర్చోబెట్టి గోంగూరతో పెట్టింది. కారం మాత్రం చెవుల్లోంచి పొగలొచ్చేంత వేసింది.

ఇదీ సంగతి. నీకు పొయ్యకముందే ఇంకొకరికి పోశామని కోపం తెచ్చుకోకు. నీకో చెల్లెలు దొరికింది అనుకో. చెల్లెలంటే మళ్ళీ ఒప్పుకోదేమో, నీకన్నా పెద్దదే అనుకుంటా, అది మీరిద్దరూ తేల్చుకోండి. లగ్గానికి ఆమె కూడా మాతో వస్తుంది. అల్లుడు కారు పంపిస్తానంటే ఆడవాళ్ళిద్దరూ వద్దన్నారు, వర్ని మీదుగా బస్సులోనే వస్తారట. కిటికీ పక్క సీటు కోసం ఇప్పటి నుంచే కొట్లాట.

చిన్న చిన్న పనులు చెబుతున్నాను, మరచిపోకు. వచ్చేవాళ్ళెవరైనా ఉంటే జొన్నపిండి పంపు, ఇక్కడ దొరికేది రొట్టె కొడితే పగిలిపోతుంది. అక్కడ మన ఇంట్లో కిరాయికున్న టీచరమ్మను జామచెట్టు కొమ్మ కరెంటు తీగకు తగులుతుందేమో చూడమను. మౌనికను ఎండలో తిరగనివ్వకు, చెప్పినా వినదు గానీ చెప్పు. నా గురించి ఫికర్ పెట్టుకోకు, నేను బాగున్నాను. ఇక్కడ అందరూ నన్ను డ్రైవరంకుల్ అంటున్నారు, పొద్దున నడిచేవాళ్ళలో ఇద్దరు ముగ్గురు "ఈరోజు బస్సు లేటా?" అని అడుగుతున్నారు కూడా.

బావకు, వాడకట్టులో పెద్దలందరికీ నా దండాలు. పిల్లలకు దీవెనలు. నీ దీవెన మా ఇద్దరి మీదా ఉండాలి.

నీ తమ్ముడు,
సాయిలు

సుగుణ పెన్ను గుంజుకున్నది. ఈ కింద రాసేది ఆమె.

వదినెకు దండాలు. ఈయన రాసిన దాంట్ల సగం డ్రైవర్ ముచ్చట్లే, నమ్మకు. నేను రానన్న మాట మాత్రం నిజమే వదినె. రాయకుంటే బాగుండు, రాసిండు, ఇగ దాసుడేంది. నువ్వు ఏమనుకోకు. నేను వస్తున్న. పీట మీదనే కూసో, నా చేతుల్తోనే పోస్త. కొంగు వెడల్పుగ పట్టు వదినె, నిండుగ పోస్త.